సైకిల్ తొక్కితే వాచ్ చూపే క్యాలరీల్లో నిజమెంత? ఇంట్లోనే సరిచూసుకునే పద్ధతి

కర్నూలు నుంచి ఓర్వకల్లు రాతివనాల దాకా పోయి తిరిగొస్తే సుమారు 40 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరి రెండు గంటల్లో ఇల్లు చేరిన మనిషికి చేతి వాచ్ 900 క్యాలరీలు చూపించొచ్చు, ఫోన్‌లోని యాప్ 1,100 అనొచ్చు, హ్యాండిల్ మీది సైకిల్ కంప్యూటర్ 650 దగ్గరే ఆగిపోవచ్చు. తొక్కిన మనిషి ఒక్కడే, దారి ఒక్కటే. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఏ అంకెను ఎంత నమ్మాలో, ఏ అంకెలో ఎంత కోత వేయాలో ఎవరికి వారే లెక్క కట్టుకోవచ్చు. బరువు తగ్గాలని తొక్కేవాళ్లకు ఇది చాలా అవసరం. వాచ్ ఎక్కువ చూపించిన క్యాలరీలు నేరుగా పళ్లెంలోకి వచ్చి చేరతాయి, నెల తిరిగినా తూకం ముల్లు కదలదు.

మొట్టమొదట తెలుసుకోవాల్సింది, వీటిలో ఏ పరికరమూ క్యాలరీలను కొలవదు. ఒంట్లో ఎంత శక్తి ఖర్చయిందో దగ్గరగా కొలవాలంటే ముఖానికి మాస్కు కట్టి, పీల్చిన ఆక్సిజన్‌కీ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కీ లెక్క తీయాలి. ఒక లీటరు ఆక్సిజన్ వాడుకుంటే సుమారు 5 క్యాలరీలు ఖర్చయినట్టు. ఆ పని ప్రయోగశాలలో జరిగేది. రోడ్డు మీద మన పరికరాలు కొలిచేది వేరే వస్తువును: కాలి బలాన్నో, గుండె వేగాన్నో, సైకిల్ వేగాన్నో. అక్కడినుంచి సూత్రం పెట్టి క్యాలరీలు ఊహిస్తాయి. కొలిచిన వస్తువు కండరాల పనికి ఎంత దగ్గరిదైతే ఊహ అంత గట్టిది. కాలి బలం అన్నిటికంటే దగ్గరిది, గుండె దాని తర్వాతది, వేగం చాలా దూరపు చుట్టం.

2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 60 మందికి 7 రకాల చేతి పరికరాలు కట్టి చూశారు. ఏడింటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో పట్టుకున్నాయి. క్యాలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే మంచి పరికరం సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే వెనకబడింది 93 శాతం తప్పింది. గుండెను సరిగ్గా చదివినంత మాత్రాన క్యాలరీ సరిగ్గా రాదని దీన్నిబట్టి తెలుస్తుంది. పొరపాటు సెన్సర్‌లో కన్నా దాని వెనకున్న సూత్రంలోనే ఎక్కువ.

ఇంకో చిన్న విషయం. వాచ్ మీద కనబడే క్యాలరీ నిజానికి కిలోక్యాలరీ. బిస్కెట్ ప్యాకెట్ మీద రాసేదీ అదే, ఈ వ్యాసంలో క్యాలరీ అన్నా అదే. ఒక క్యాలరీకి 4.184 కిలోజౌళ్లు.

పవర్ మీటర్ ఉంటే

పవర్ మీటర్ అంటే పెడల్లోనో, క్రాంకులోనో (పెడల్ బిగించి ఉండే చేయి), వెనక చక్రం హబ్బులోనో కూర్చునే సెన్సర్. మీరు తొక్కే బలానికి అక్కడి లోహం కంటికి కనపడనంతగా వంగుతుంది. ఆ వంపును చదివి వాట్లలో చెబుతుంది. వాట్లను సెకన్లతో గుణించి 1,000తో భాగిస్తే చేసిన పని కిలోజౌళ్లలో వస్తుంది. సైకిల్ కంప్యూటర్‌లో వర్క్ అనో, కిలోజౌల్స్ అనో ఉండే గడి ఇదే. ఆ గడిని తెర మీదకి తెచ్చుకోండి, ఎందుకంటే ఊహ కలవని అంకె అదొక్కటే.

కిలోజౌళ్ల నుంచి క్యాలరీలకు పోవడం సులువు. మనిషి ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పెడల్‌కి చేరేది 20 నుంచి 25 శాతమే, తక్కిందంతా వేడిగా పోతుంది. 600 కిలోజౌళ్ల పని చేశారనుకోండి. 4.184తో భాగిస్తే 143 క్యాలరీలు, అది పెడల్‌కి చేరిన శక్తి. మీ ఒంటి సామర్థ్యం 22 శాతమైతే మొత్తం ఖర్చు 652 క్యాలరీలు. 20 శాతమైతే 717, 24 శాతమైతే 598. కిలోజౌళ్ల అంకెనే క్యాలరీ అంకెగా రాసుకుంటే పెద్ద తప్పు రాదని సైకిలిస్టులు అనేది ఇందుకే. కొంచెం జాగ్రత్తగా పోవాలనుకుంటే 1.1తో గుణించండి. అటూఇటూ 10 శాతం లోపే ఉంటారు, రోడ్డు మీద అంతకన్నా దగ్గరి లెక్క దొరకదు.

పవర్ మీటర్ కూడా తప్పుతుంది. ఎక్కడ తప్పుతుందో చూసుకుంటే సరిదిద్దుకోవచ్చు. మన దగ్గర ముందు చెప్పుకోవాల్సింది ఎండ గురించే. ఫ్యాను కింద 28 డిగ్రీల్లో ఉన్న సైకిల్‌ని 38 డిగ్రీల వీధిలోకి తెస్తే లోహం వేడెక్కి, బలం ఏమీ పడకపోయినా సెన్సర్ ఏదో ఒక అంకె చూపుతుంది. కొన్ని మీటర్లు దీన్ని వాటంతటవే సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. సైకిల్‌ని బయట 10 నుంచి 15 నిమిషాలు నీడలో నిలబెట్టండి. కాళ్లు పెడల్ మీద పెట్టకుండా, క్రాంకు మీ మీటర్ పుస్తకంలో చెప్పిన స్థితిలో ఉంచి జీరో కొట్టండి. ఎండ బాగా ముదిరాక నడుమ ఆగినప్పుడు ఇంకోసారి కొట్టండి.

ఎడమ కాలి వైపు మాత్రమే సెన్సర్ ఉండే మీటర్లు చవక కాబట్టి ఎక్కువమంది కొనేది అవే. అవి ఎడమ కాలి బలాన్ని రెండింతలు చేసి మొత్తంగా చూపిస్తాయి. మీ ఎడమ కాలు 52 శాతం పని చేస్తుంటే మొత్తం 4 శాతం ఎక్కువ కనబడుతుంది. రోజూ అదే తీరున ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పోల్చుకోవడానికి ఇబ్బంది లేదు, అసలు అంకె కావాలంటే తీసెయ్యాలి. పెడల్ మీటర్లలో క్రాంకు పొడవు తప్పు పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. 170 మిల్లీమీటర్ల క్రాంకుకి 172.5 అని పెడితే ఒకటిన్నర శాతం దాకా తప్పు. క్రాంకు లోపలి వైపున పొడవు చెక్కి ఉంటుంది, చూసి పెట్టండి.

గుండె వేగం నుంచి

ఎక్కువమంది చేతికి ఉండేది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. కంపెనీల సూత్రాలు బయటికి చెప్పరు. అయితే 2005లో పరిశోధకులు ప్రచురించిన సూత్రం ఒకటి చాలా చోట్ల వాడుకలో ఉంది. మగవాళ్లకు ఇలా: నిమిషానికి గుండె కొట్టుకునే వేగాన్ని 0.6309తో, కిలోల్లో బరువును 0.1988తో, వయసును 0.2017తో గుణించి మూడూ కూడండి. అందులోంచి 55.0969 తీసేసి 4.184తో భాగిస్తే నిమిషానికి క్యాలరీలు. ఆడవాళ్లకు: గుండె వేగం ఇంటూ 0.4472, అందులోంచి బరువు ఇంటూ 0.1263 తీసెయ్యాలి, వయసు ఇంటూ 0.074 కలపాలి, 20.4022 తీసెయ్యాలి, చివర 4.184తో భాగించాలి.

70 కిలోల బరువు, 40 ఏళ్ల వయసు ఉన్న మగమనిషి గుండె 130 దగ్గర నిలకడగా ఉంటే గంటకు 701 క్యాలరీలు వస్తాయి. ఇప్పుడు గుండె 145కి పోయిందనుకోండి, గంటకు 837. పదిహేను కొట్టుకోవడాల తేడాకు 136 క్యాలరీలు పెరిగాయి. ఆ పదిహేనూ కాలు గట్టిగా తొక్కినందుకే పెరిగాయా అన్నది అసలు ప్రశ్న.

ఏప్రిల్, మే నెలల్లో కడప రోడ్ల మీద జవాబు చాలాసార్లు కాదనే. ఎండలో ఒళ్లు చల్లబరచుకోవడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది. అదే పనికి గుండె 10, 15 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. మొదటి గంటలో 130 ఉన్న గుండె రెండో గంటలో అదే వేగానికి 145 చూపడం ఈ కారణంగానే. కండరం ఎక్కువ పని చేయలేదు, అయినా సూత్రం 136 క్యాలరీలు జమ వేసేసింది. ఎండాకాలపు తొక్కుడుకు వాచ్ చూపే అంకెలో ఇలాంటి గాలి అంకె ఎంతో కొంత ఉంటుంది. నీళ్లు సరిగ్గా తాగితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఎండ ఒక్కటే కాదు. నిద్ర చాలకపోయినా, బయల్దేరే ముందు స్ట్రాంగ్ కాఫీ తాగినా, జ్వరం తగ్గి రెండు రోజులే అయినా గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. బీపీకి బీటా బ్లాకర్ మాత్ర వేసుకునేవాళ్లకు దీనికి ఉల్టా. గుండె పైకి పోదు, వాచ్ చాలా తక్కువ చూపిస్తుంది. ఆ మాత్ర వేసుకునేవాళ్లు గుండె ఆధారపు క్యాలరీని పక్కన పెట్టి కింద చెప్పే ఘాట్ లెక్కనే పట్టుకోవడం మేలు.

సెన్సర్ సంగతి. చేతి వాచ్ పచ్చ లైటు చర్మంలోకి వేసి రక్తపు కదలిక చూస్తుంది. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మణికట్టు వెనక్కి వంగి, వాచ్ ఎముక మీదికి జారి లైటు పక్కకు కారుతుంది. గుంతల రోడ్డు అదురు దీనికి తోడు. బయల్దేరే ముందు వాచ్‌ని మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైకి జరిపి, కింద వేలు దూరనంత బిగువుగా, రక్తం ఆగనంత వదులుగా కట్టండి. ఇంటికొచ్చాక గీత చూడండి. ఎక్కుడు మధ్యలో గుండె హఠాత్తుగా 90కి పడి మళ్లీ 150కి లేచినట్టు ఉంటే ఆ రోజు అంకెను లెక్కలోకి తీసుకోవద్దు.

ఛాతీ బెల్ట్ దీనికన్నా చాలా నమ్మకమైంది, గుండె విద్యుత్ సంకేతాన్నే నేరుగా చదువుతుంది. మన పొడి వాతావరణంలో దానికి ఒక చిక్కు ఉంది. చెమట పట్టేదాకా బెల్ట్ పొడిగా ఉంటుంది, పాలిస్టర్ జెర్సీ గాలికి కొట్టుకుని స్థిర విద్యుత్ పుడుతుంది. మొదటి పది నిమిషాలు ఊరికే 180, 200 చూపిస్తే కారణం అదే. కట్టుకునే ముందు లోపలి నల్ల పట్టీలను నీళ్లతో బాగా తడపండి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లయితే ఇంకా మంచిది. తొక్కి వచ్చాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఉప్పు పేరుకుంటే పట్టీ తొందరగా చెడుతుంది. చాలా బెల్టుల్లో ఉండేది నాణెం లాంటి సీఆర్ 2032 బ్యాటరీ. గీత మధ్యలో తెగిపోతుంటే ముందు దాన్ని మార్చి చూడండి.

వాచ్ సెట్టింగుల్లో కొన్ని గడులు సరిచేస్తే కొంత తప్పు అక్కడే పోతుంది. బరువు ఈ వారం తూకం వేసింది ఉండాలి, వాచ్ కొన్న రోజుది కాదు. వయసు, ఆడ మగ వివరం సరిగ్గా ఉండాలి. గరిష్ఠ గుండె వేగాన్ని వాచ్ 220 నుంచి వయసు తీసేసి తనే పెట్టేసుకుంటుంది. నిజం మనిషికీ మనిషికీ 10, 12 తేడాతో ఉంటుంది. ఆరోగ్యం బాగున్నవాళ్లు బాగా వేడెక్కాక పొడవాటి మిట్ట మీద ఇక వల్ల కాదనేదాకా తొక్కినప్పుడు ఛాతీ బెల్ట్ చూపిన గరిష్ఠ అంకెను అక్కడ పెట్టాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఈ పరీక్ష డాక్టరుని అడగకుండా చేయకూడదు.

వేగం నుంచి లెక్కించే యాప్‌లు

ఇవి ఎక్కువ తప్పేవి. చాలా యాప్‌ల వెనక ఉండేది మెట్ (MET) పట్టిక, ఏ పనికి ఊరికే కూర్చున్నప్పటికన్నా ఎన్ని రెట్లు ఖర్చవుతుందో చెప్పేది. ఊరికే కూర్చున్న మనిషి ఖర్చు 1 మెట్, అంటే కిలో బరువుకు గంటకు సుమారు 1 క్యాలరీ. 2011 నాటి పట్టికలో సైకిల్‌కి గంటకు 16 కిలోమీటర్ల లోపు 4 మెట్లు, సుమారు 16 నుంచి 19 వేగానికి 6.8, 19 నుంచి 22 వేగానికి 8 అని ఉంది. 25 నుంచి 30 వేగానికి 12కి పోతుంది.

ఓర్వకల్లు ఉదాహరణకే వద్దాం. 70 కిలోల మనిషి, 20 వేగం, 2 గంటలు. పట్టిక ప్రకారం 8 ఇంటూ 70 ఇంటూ 2, అంటే 1,120 క్యాలరీలు. ఇప్పుడు బలాల లెక్క వేద్దాం. సైకిల్, నీళ్లతో కలిపి 87 కిలోలు, మిట్టలూ గాలీ లేవనుకుంటే రోడ్డు రాపిడికి సుమారు 6 న్యూటన్లు, గాలి అడ్డుకోవడానికి సుమారు 8.6 న్యూటన్లు. చైన్‌లో పోయే 4 శాతం కూడా కలిపితే 85 వాట్ల లోపు. రెండు గంటలకు 608 కిలోజౌళ్లు, 22 శాతం సామర్థ్యానికి సుమారు 660 క్యాలరీలు. పట్టిక దానికన్నా 70 శాతం ఎక్కువ చెప్పింది.

అనంతపురం వైపు తొక్కేవాళ్లకు దీనికి తోడు గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ఎంత గట్టిగా వీస్తుందో రామగిరి కొండల మీది గాలిమరలను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో మీరు 15 వేగంతో పోతుంటే ఒంటికి తగిలే గాలి 30. పైన చెప్పిన మనిషికే దాదాపు 110 వాట్లు కావాలి. గాలి లేని రోజు అదే 15 వేగానికి 47 వాట్లు చాలు. తిరుగు దారిలో ఆ గాలి వెనక నుంచి తోస్తుంటే 30 వేగంతో పోవడానికి 94 వాట్లు సరిపోతాయి. పట్టిక చూసే యాప్ మాత్రం పోయేటప్పుడు 4 మెట్లు, వచ్చేటప్పుడు 12 మెట్లు రాస్తుంది. ఎక్కువ కష్టపడిన దారికి గంట లెక్కన మూడో వంతు జమ.

స్ట్రావా లాంటి యాప్‌లు పవర్ మీటర్ లేకపోయినా బరువు, వేగం, ఎత్తు చూసి అంచనా పవర్ చూపిస్తాయి. పట్టిక కంటే ఇది ఎంతో మేలు, ముఖ్యంగా ఎక్కుడు దారుల్లో. గాలి మాత్రం దానికీ తెలియదు, ఇంకొకరి వెనక గాలిచాటున తొక్కారో లేదో తెలియదు. సైకిల్ బరువు గడిని ఖాళీగా వదిలేయకండి. మన దగ్గర చాలామంది తొక్కే హైబ్రిడ్, ఎంటీబీ (మౌంటెన్ బైక్) సైకిళ్లు 14 నుంచి 17 కిలోలు ఉంటాయి.

జిమ్ సైకిల్ తెర మీది క్యాలరీల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మీ బరువు అడగకుండా, వాట్లు చూపకుండా క్యాలరీలు చెప్పే యంత్రం మాట పట్టించుకోకండి. బిగించే నాబ్ ఒక్కో యంత్రంలో ఒక్కో తీరు. బ్యాటరీ సైకిల్ అయితే వేగం చూసే యాప్ మోటారు పనిని మీ ఖాతాలో వేస్తుంది.

ఘాట్ మీద సరిచూసే లెక్క

పవర్ మీటర్ లేనివాళ్లకు మిట్టే పవర్ మీటర్. నిదానంగా ఎత్తు ఎక్కేటప్పుడు గాలి లెక్క చిన్నదైపోతుంది, పనిలో ఎక్కువ భాగం బరువును పైకి మోయడమే. బరువూ ఎత్తూ తెలిస్తే ఆ పని ఎంతో పక్కాగా తెలుస్తుంది.

కడపవాళ్లకు రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారిలో నల్లమల ఘాట్ ఉంది. రెండు చోట్లా లారీలు ఎక్కువ, మలుపుల్లో దారి ఇరుకు. తెల్లారి వెలుతురు పడగానే, వెనక ఎర్ర లైటు వెలిగించుకుని, ఒక్కరే కాకుండా పోవాలి. ఘాట్ దూరమైతే ట్రాఫిక్ లేని చోట 40 మీటర్ల ఎత్తున్న మిట్టను ఐదుసార్లు ఎక్కినా సరిపోతుంది. దిగేటప్పుడు వాచ్ లెక్కను కలపకుండా ఎక్కుడుకు మాత్రమే ల్యాప్ బటన్ (ఆ ముక్క లెక్కను విడిగా కట్టేది) నొక్కాలి.

ముందురోజు బరువులు చూసుకోండి. సైకిల్‌ని చేత్తో ఎత్తి పట్టుకుని, బూట్లు, హెల్మెట్, నిండు బాటిళ్లు, బ్యాగుతో సహా తూకం మీద నిలబడితే మొత్తం ఒకేసారి వస్తుంది. టైర్లలో గాలి టైరు పక్కన రాసినంత ఉండాలి, గాలి తక్కువైతే రాపిడి పెరిగి లెక్క తప్పుతుంది. ఎత్తు కోసం ఆ రోజు జీపీఎస్ చూపినది నమ్మకండి, పదేసి మీటర్లు తేడా వస్తుంది. ఎక్కుడు మొదలయ్యే చోటు, ఆపే చోటు రెండూ గుర్తుండే మైలురాయో, బోర్డో ఎంచుకుని, వాటి ఎత్తులు మ్యాప్‌లో చూసి తేడా తీయండి. నడుమ దిగుడు ఉండకూడదు.

పది నిమిషాలు వేడెక్కాక కింద ల్యాప్ నొక్కి, ఆగకుండా, ఎవరి వెనకా నక్కకుండా, ఒకే తీరున ఎక్కి పైన మళ్లీ నొక్కండి. ఎక్కుడు 20 నిమిషాలకు తగ్గకుండా ఉంటే మంచిది. గుండె వేగం పనికి తగ్గట్టు స్థిరపడడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, చిన్న ఎక్కుడులో ఆ తేడాయే పెద్దదిగా కనబడుతుంది.

ఇప్పుడు లెక్క. మొత్తం బరువు 87 కిలోలు, ఎక్కిన ఎత్తు 200 మీటర్లు, దూరం 5 కిలోమీటర్లు, పట్టిన సమయం 30 నిమిషాలు అనుకుందాం. ఎత్తుకు: 87 ఇంటూ 9.81 (భూమి ఆకర్షణ) ఇంటూ 200, అంటే 1,70,700 జౌళ్లు, సుమారు 171 కిలోజౌళ్లు. రోడ్డు రాపిడికి: 87 ఇంటూ 9.81 ఇంటూ 0.007 ఇంటూ 5,000, సుమారు 30 కిలోజౌళ్లు. సన్నని రోడ్ బైక్ టైర్లయితే 0.007 బదులు 0.005, బొడిపెల ఎంటీబీ టైర్లయితే 0.010 వేసుకోండి. గాలికి: గంటకు 10 వేగంలో కిలోమీటరుకు సుమారు 2 కిలోజౌళ్లు, మొత్తం 11. మూడూ కలిపితే 212. చైన్‌లో పోయేదానికి 0.96తో భాగిస్తే 220 కిలోజౌళ్లు. 4.184తో, తర్వాత 0.22తో భాగిస్తే 239 క్యాలరీలు. సామర్థ్యం 20 శాతమైతే 263, 24 శాతమైతే 219. నిజం ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంటుంది.

ఆ ల్యాప్‌కి వాచ్ 340 చూపించిందనుకోండి. 239ని 340తో భాగిస్తే 0.70. ఇది మీ గుణకం. ఇకమీద అదే వాచ్, అదే బెల్ట్‌తో వచ్చే అంకెను 0.70తో గుణించుకోవాలి. ఒక్కసారి చేసి వదిలేయకండి. చల్లని పొద్దుటి పూట ఒకసారి, 35 డిగ్రీలు దాటాక ఒకసారి చేస్తే చాలామందికి రెండు వేర్వేరు గుణకాలు వస్తాయి. రెండూ రాసిపెట్టుకోండి, కాలాన్ని బట్టి వాడండి. ఘాట్ ఎక్కుడులో వచ్చిన గుణకం బాగా నిదానంగా తిరిగే రోజుకు సరిగ్గా పట్టదు. తక్కువ గుండె వేగాల దగ్గర, ముఖ్యంగా 90 లోపు, సూత్రాలు ఇంకా ఎక్కువ తప్పుతాయి.

తూకంతో రెండో సాక్ష్యం

ఘాట్ లెక్క ఒక సాక్ష్యం, నాలుగు వారాల తూకం రెండోది. పొద్దున లేచి, మలమూత్రాలు అయ్యాక, నీళ్లు తాగకముందు, ఒకే తూకం మీద రోజూ బరువు చూసి రాయండి. వారం సగటునే వారం సగటుతో పోల్చండి. ఒక్కరోజు బరువును పట్టించుకోవద్దు. మే నెలలో రెండు గంటలు తొక్కి వచ్చాక కిలో తగ్గితే అది చెమట, మధ్యాహ్నానికి నీళ్లతో తిరిగొస్తుంది. తిండి ఆ నాలుగు వారాలూ ఒకే తీరున ఉండాలి. సంగటి ముద్ద ఎంతో, అన్నం ఎన్ని గ్రాములో వంటింటి తూకంలో చూసుకుంటే మరీ మంచిది.

కిలో కొవ్వుకు సుమారు 7,700 క్యాలరీలు. వారానికి నాలుగు తొక్కుళ్లు, తొక్కుడుకు వాచ్ 300 ఎక్కువ చూపుతోంది, మీరు ఆ మేరకు తింటున్నారు అనుకోండి. నాలుగు వారాలకు 4,800 క్యాలరీలు, అంటే తగ్గాల్సిన దాంట్లో 0.6 కిలో తగ్గదు. మీ లెక్క ప్రకారం తగ్గాల్సిన బరువుకూ నిజంగా తగ్గినదానికీ తేడా ఇలా తీస్తే, మీ గుణకం ఇంకా ఎక్కువుందో తక్కువుందో తెలుస్తుంది. ఈ పద్ధతిలో తిండి లెక్క తప్పులూ కలిసిపోతాయి కాబట్టి ఘాట్ లెక్కకు తోడుగా వాడాలే తప్ప ఒంటరిగా కాదు.

తిండికి కలిపేటప్పుడు

ఇక్కడ చాలామంది రెండుసార్లు లెక్కేస్తారు. 660 క్యాలరీల తొక్కుడులో, ఇంట్లో కూర్చున్నా ఖర్చయ్యేది కూడా ఉంది. 70 కిలోల మనిషికి రెండు గంటలకు 140. రోజంతా కావాల్సిన తిండి లెక్కలో అది ముందే ఉంటుంది కాబట్టి సైకిల్ పేరున అదనంగా కలపాల్సింది 520 మాత్రమే. వాచ్‌లో ఆక్టివ్ (విశ్రాంతి ఖర్చు తీసేసింది), టోటల్ (అది కలిపింది) అని రెండు అంకెలుంటే తిండికి ఆక్టివ్ అంకె తీసుకుని గుణకం వేయండి. గుణకం టోటల్ అంకెతో కట్టారా, ఆక్టివ్ అంకెతో కట్టారా అన్నది మరవకండి. టోటల్‌తో కట్టి ఆక్టివ్‌కి వేస్తే మళ్లీ తప్పుతుంది. ఆక్టివ్‌కి వేయాలంటే ఘాట్ లెక్కలోని 239 నుంచి ఆ అరగంట విశ్రాంతి ఖర్చు 35 తీసేసి, వచ్చిన 204ను వాచ్ ఆక్టివ్ అంకెతో భాగించాలి.

ఓర్వకల్లు తొక్కుడుకు యాప్ 1,100 అంటే నిజానికన్నా 440 ఎక్కువ. వేయించిన బుడ్డలు (వేరుశెనగలు) 100 గ్రాములకు దాదాపు 570 క్యాలరీలు. ఆ 440 అంటే సుమారు 80 గ్రాముల బుడ్డలు, రెండు గుప్పిళ్లు దాటుతాయి. తొక్కి వచ్చి ఉగ్గానిలో బజ్జీలు నంజుకునేటప్పుడు, ఘాట్ పైన గువ్వలచెరువు పాలకోవా పొట్లం విప్పేటప్పుడు ఈ అంకె గుర్తుంటే చాలు. తినొద్దని కాదు, ఎంత తింటున్నామో తెలిసి తినాలని.

అలాగని గుణకం 0.70 వచ్చిందని తొక్కుతుండగా తిండి కోయకండి. గంటన్నర, రెండు గంటలు దాటే తొక్కుడుకు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, ఉప్పు కలిసిన నీళ్లు కావాలి. అరటిపండ్లు, బెల్లం, ఓఆర్ఎస్ ఏదైనా సరే. కోత వేయాల్సింది ఇంటికొచ్చాక తినే అదనపు పళ్లెంలో. రోడ్డు మీద కోస్తే కళ్లు తిరిగి ఎండలో కూలబడతారు.

గుణకం పక్కన తేదీ, ఆ రోజు ఉష్ణోగ్రత, మీ బరువు, వాచ్ పేరు, ఛాతీ బెల్టా చేతి సెన్సరా అన్నది రాయండి. బరువు 5 కిలోలు మారినా, ఆరు నెలలు క్రమం తప్పకుండా తొక్కి గుండె వేగం అదే పనికి తగ్గినా, వాచ్ మార్చినా పాత గుణకం పనికిరాదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత అదే దారికి అంకె ఉన్నట్టుండి 100, 150 మారితే సూత్రం మార్చారన్నమాట. ఆ ఆదివారమే అదే మైలురాయి దగ్గర్నుంచి ఘాట్ మళ్లీ ఒకసారి ఎక్కండి.